ఉషాంగీ చెప్పిన చరమశ్లోకం

ముర్మన్ చనిపోయాడని ఉషాంగీ చెప్పినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. అంత చక్కగా చెప్పాడు.

చక్కగా చెప్పడం ఆయన వృత్తి. కుతాయిసీ పట్టణానికి చుట్టుపక్కల ఊళ్లలో పాతికేళ్లపాటు ఆయన తమదాగా, అంటే విందుకు పెద్దగా, కూర్చోని పెళ్లి పెళ్లే కాదు. మా జార్జియాలో రాజులు పోయారు, పార్టీలు పోయాయి, మంత్రివర్గాలు ఋతువుల్లా వచ్చి పోతున్నాయి. చెక్కుచెదరకుండా నిలిచిన రాజ్యాంగం విందుబల్లది ఒక్కటే. తమదా గ్లాసెత్తి మాట్లాడుతుండగా ఎవరూ నోరు విప్పకూడదు, గ్లాసు ముట్టకూడదు, లేచి వెళ్లకూడదు. ఆయన చెప్పే విందుమాటలకు ఒక వరస ఉంది: దేవుడికి, శాంతికి, దేశానికి, చనిపోయినవాళ్లకు, ఆ వెంటనే, బల్ల మీద దుఃఖం గడ్డకట్టకుండా, పిల్లలకు. మాటకీ మాటకీ మధ్య మూడు గొంతుల్లో పాట. ఈ వరస తప్పినవాడిని రాజద్రోహిని చూసినట్టు చూస్తారు. ఉషాంగీ ఎన్నడూ తప్పలేదు. పెళ్లిలో ఆయన మాట్లాడితే పెళ్లికూతురి అత్తగారు ఏడ్చేది; దినంలో మాట్లాడితే పోయినవాడి అప్పులవాళ్లు కూడా ఏడ్చేవాళ్లు.

అటువంటి మహావక్త యాభై దాటాక ఉక్రెయిన్ యుద్ధానికి స్వచ్ఛందంగా బయలుదేరాడు. తుపాకీ అక్కడే ఇస్తారని తెలుసు కాబట్టి తన వంతుగా ఒక మట్టికూజాను ఊలు స్వెట్టర్‌లో చుట్టి తెచ్చుకున్నాడు. ప్లాస్టిక్ సీసాలోంచి పోసిన వైన్‌తో చనిపోయినవాళ్లను తలవడం అనాగరికమని ఆయన సిద్ధాంతం. ఆ కూజా తూటాలు ఆపే ఇనప పలక కంటే బరువు. సరిహద్దు దగ్గర దాన్ని చూసిన పోలిష్ అధికారి ఇదేం ఆయుధమని అడిగితే, "భారీ ఫిరంగి" అని జవాబిచ్చాడట.

ఆయన చేరిన దళంలో అందరూ జార్జియన్లే. సొంతగడ్డ మీద పద్నాలుగేళ్ల క్రితం రష్యా చేతిలో వారం తిరక్కుండా ఓడిపోయిన యుద్ధాన్ని పరాయివాళ్ల పొద్దుతిరుగుడు పొలాల్లో మళ్లీ మొదటినుంచీ ఆడి గెలుద్దామని వచ్చినవాళ్లు. నాయకుడు బెజాన్ మితభాషి. ఆయన మాటలు పొదుపు చేసిన మేరకు ఉషాంగీ ఖర్చు పెట్టేవాడు. వాకీటాకీల బాధ్యత జుంబెర్‌ది. ముర్మన్ సమ్‌త్రెదియా ఊళ్లో మినీబస్సు నడిపినవాడు. కాలేయం పాడై తాగుడు మానేశాడు. తాగని జార్జియన్ బల్ల దగ్గర ఏం చేస్తాడు? అందరికీ పోస్తాడు. ఉషాంగీ అతణ్ణి పోసేవాడిగా నియమించి, వాడుకగా ఓ చురక కూడా అంటించేవాడు.

"మన ముర్మన్ బస్సు డ్రైవరు కదా, అందరినీ ఎక్కిస్తాడు, తను మాత్రం ఎక్కడికీ పోడు."

ముర్మన్ నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకోటి పడుతుందని అతనికి తెలుసు.

ఆ శరత్కాలపు ఉదయం జరిగింది ఇదీ. ఊరి బయట చెట్ల వరస చివర ఉన్న బంకర్‌ను వదిలి ఊళ్లోకి వెనక్కి రమ్మని దళానికి ఆజ్ఞ వచ్చింది. బెజాన్ పెద్ద కార్యాలయానికి వెళ్లి ఉన్నాడు. వయసును బట్టి పెత్తనం ఉషాంగీది. మిగతావాళ్లు ముందు వెళ్లిపోయారు. ఉషాంగీ బయటికి వచ్చాడు. ముర్మన్ వాకీటాకీ బ్యాటరీల పెట్టె కోసం మళ్లీ లోపలికి దూరాడు. అప్పుడు మోర్టార్ గుండు బంకర్ వాకిలి మీదే పడింది. దుమ్ము తగ్గాక ఉషాంగీ తిరిగి చూస్తే వాకిలి ఉండాల్సినచోట మట్టికుప్ప ఉంది. ఒక్కసారి పేరు పెట్టి పిలిచాడు. జవాబు రాలేదు. రెండో గుండు ఈలవేసుకుంటూ వస్తోంది. ఉషాంగీ పరుగెత్తాడు.

పరుగెత్తడంలో తప్పు లేదు. గుండు కింద నిలబడి ఆలోచించినవాళ్ల పేర్లు పాలరాతి మీద చెక్కి ఉంటాయి. తప్పు ఊళ్లో, ఎవరో పెద్దావిడ ఖాళీ చేసి వెళ్లిన ఇంటి వంటగదిలో, జుంబెర్ ఎదురొచ్చి అడిగినప్పుడు మొదలైంది.

"ముర్మన్ ఏడన్నా?"

"లేడు."

"లేడంటే? చూశావా? కాస్త తగ్గాక వెళ్లి తవ్వుదామా?"

ఇక్కడ "చూడలేదు" అనే ఒక్క మాట సరిపోయేది. కానీ ఒక్క మాటతో ఊరుకోవడం ఆ నాలుకకు అలవాటు లేదు. పైగా తక్కినవాళ్లందరూ ఆయన కాళ్లవంక, ఆ కాళ్లు పరుగెత్తిన సంగతి తెలిసినట్టుగా, చూస్తున్నారని ఆయనకు తోచింది. నిజానికి వాళ్లు రక్తం ఉందేమోనని చూస్తున్నారు.

"నేను తవ్వాను జుంబెర్. ఈ చేతులతో తవ్వాను. నాడి చూశాను. వాడి కళ్లు నేనే మూశాను."

ఎవరూ ఇంకేమీ అడగలేదు. కళ్లు మూశానన్న మనిషిని మళ్లీ ప్రశ్నించే మొరటుతనం మా జాతికి లేదు. మాకున్న సుగుణాలలో అది ఒకటి. ఆ రోజు మాత్రం లేకపోతే బాగుండేది.

మధ్యాహ్నం దాటాక మోర్టార్లు ఆగాయి. జుంబెర్ కిటికీలోంచి తల బయటపెట్టి విన్నాడు.

"ఆగిందన్నా. వెళ్లి తెచ్చేద్దామా?"

"పట్టపగలు ఆకాశం నిండా వాళ్ల డ్రోన్లు. ఒక శవం కోసం ఇంకో శవమా? చీకటి పడనీ. ఈలోగా వాడికి దక్కాల్సింది దక్కనిద్దాం."

ముర్మన్‌కు దక్కాల్సింది విందు అని అందరికీ అర్థమైంది. బల్ల సర్దారు. నల్లరొట్టె, పంది కొవ్వు ముక్కలు, ఆ పెద్దావిడ నేలమాళిగలో వదిలి వెళ్లిన టొమాటో ఊరగాయ, మా ఊరి నుంచి వచ్చిన పుల్లరేగు పచ్చడి. మా ఇమెరెతీ ప్రాంతపు వైన్ కూజాలోకి చేరింది. పోసేవాడు లేడు కాబట్టి కూజా తన చేతికందేలా కిటికీ గట్టు మీద ఉండాలని ఉషాంగీ నిర్ణయించాడు. బల్ల మధ్యలో వాకీటాకీ గురగురలాడుతోంది.

"దాన్ని అవతల పెట్టు."

"ఆపకూడదన్నా. బెజాన్ పిలిస్తే?"

"ఆపమన్నానా? అవతల పెట్టమన్నా. యుద్ధాన్ని కాసేపు గుమ్మం దగ్గర నిలబెడితే దానికేం మర్యాద తక్కువ కాదు."

జుంబెర్ కదలకపోతే ఉషాంగీ తనే దాన్ని తీసి, దాని గొంతు తగ్గించి, కిటికీ గట్టు మీద గోడకు ఆనించి, కూజాను దానికి దన్నుగా జరిపాడు. గురగుర చప్పున ఆగిపోయింది.

"చూశావా? దానికీ తెలుసు, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఊరుకోవాలని."

వాకీటాకీ ఎందుకు ఊరుకుందో ఆలోచించాల్సినవాడు జుంబెర్. కానీ తమదా లేచి నిలబడ్డాడు, అందరూ లేచారు, అతనూ లేచాడు.

దేవుడి మాట, శాంతి మాట, దేశం మాట అయ్యాయి. ఒక్కోదాని తర్వాత ఉషాంగీ కూజా ఎత్తి గ్లాసులు నింపుతుంటే మిగతావాళ్లు పాడారు. ఎనిమిదిమంది జార్జియన్లు మూడు గొంతులుగా చీలి పాడితే కిటికీ అద్దాలకు వేసిన టేపు కూడా వణికింది. గ్లాసులు నిండగానే కూజా గట్టు మీదకు, పాట నిశ్శబ్దంలోకి వెళ్లేవి. తర్వాత చనిపోయినవాళ్ల వంతు వచ్చింది. రొట్టెముక్క మీద రెండు చుక్కలు వైన్ పోసి ఉషాంగీ గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! మన మధ్య ముర్మన్ అని ఒకడు ఉండేవాడు. ఉన్నాడని మనం రోజూ చూశాం. చూశామనే అనుకున్నాం. కొండ పక్కనే కాపురం ఉన్నవాడికి కొండ కనిపిస్తుందా? మన గ్లాసులు నింపినవాడి గ్లాసు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఎందుకంటే వాడు నిండి ఉన్నాడు మిత్రులారా, వాడికి ఇంకేమీ పట్టదు!"

ఆ మాటకే ఒకడు ముక్కు ఎగబీల్చాడు. ఉషాంగీ ఆ ముక్కు చప్పుడును వేటగాడు అడుగుల చప్పుడు విన్నట్టు విన్నాడు. ఇక ఆగడం ఆయన చేతుల్లో లేదు.

"నేను మట్టి తోడుతున్నాను. పైన గుండ్లు పడుతున్నాయి. పడనీ! గోళ్లు ఊడుతున్నాయి. ఊడనీ! మట్టిలోంచి వాడి ముఖం బయటపడింది. నవ్వుతోంది. 'అన్నా, నువ్వెందుకొచ్చావు, వెళ్లిపో' అన్నాడు. చచ్చిపోతూ నన్ను వెళ్లిపొమ్మన్నాడు! 'మా అమ్మ త్సియాలాకు చెప్పు, నేను భయపడలేదని చెప్పు' అన్నాడు. నా ఒళ్లో తల పెట్టుకున్నాడు. ఈ రెండు వేళ్లతో వాడి కళ్లు మూశాను. ఈ వేళ్లు చూడండి, మిత్రులారా. ఇవి ఇక దేన్నీ ముట్టుకోవడానికి పనికిరావు."

ఉదయం నాడి ఆగిపోయినవాడు సాయంత్రానికి రెండు వాక్యాలు మాట్లాడాడన్న సంగతి గమనించినవాడు గమనించాడు. కానీ తమదాను ఆపకూడదు. అదీగాక ఆ కథ బాగుంది. ప్రతివాడూ తను పోయినప్పుడు తనకూ అలాంటిదొకటి దక్కితే బాగుండునని లోలోపల కోరుకుంటున్నాడు.

ఆనవాయితీ ప్రకారం ఉషాంగీ మాటను ఒక్కొక్కరికీ అందించాడు. జుంబెర్, "ముర్మన్ గురకపెట్టేవాడు కాదు. ఈ ఇంట్లో గురకపెట్టని మనిషి వాడొక్కడే," అన్నాడు. ఆ బల్ల దగ్గర ఆ రోజు పలికిన నిజం బహుశా అదొక్కటే. అందరూ నవ్వి, నవ్వుతూ ఏడ్చారు. మళ్లీ కూజా లేచింది, పాట లేచింది, కూజా దిగింది, పాట దిగింది, ఉషాంగీ ముర్మన్ తల్లి దగ్గరికి వచ్చాడు. ఆ తల్లి వాకిట్లో కూర్చుని దారివైపు చూస్తున్న దృశ్యాన్ని ఆయన ఎంత దీర్ఘంగా వర్ణించాడంటే బయట నిజంగానే పొద్దు వాలిపోయింది.

అప్పుడు తలుపు తన్నినట్టుగా తెరుచుకుంది. వచ్చినది పక్క వీధిలో ఉన్న ఉక్రెయిన్ పటాలం సార్జెంట్ యరీనా. మోకాళ్లదాకా బురద.

"ఎవడయ్యా ఆ వాగుడుకాయ? ఇందాకట్నుంచీ ఛానెల్ మొత్తం వాడే!"

ఉషాంగీ గంభీరంగా అరచెయ్యి ఎత్తాడు. "సోదరీ, ఒక్క క్షణం. మేము పోయినవాడి కోసం—"

"పోయినవాడా? వాడు మిమ్మల్ని పిలుస్తున్నాడు! మీరు వాగుడు ఆపినప్పుడల్లా మీ భాషలో ఎవడో పిలుస్తున్నాడు. మా కుర్రాళ్లకు మీ భాష రాదు, కానీ మూలుగుకు భాషేంటి? వాడు రెండు మాటలు అనేసరికి మళ్లీ మీరు ఎత్తుకుంటారు. మధ్యలో వీధి దాకా మీ పాటొకటి! సెట్టు ఎక్కడుంది?"

ఎవరూ జవాబు చెప్పకముందే ఆమె కంటికి కనపడింది. రెండంగల్లో కిటికీ దగ్గరికి వెళ్లి కూజాను ఎత్తి పక్కన పెట్టింది. గోడకీ కూజా పొట్టకీ మధ్య నలిగిన వాకీటాకీ మాట్లాడే మీట టక్కున పైకి లేచింది. ఆ మీట నొక్కి ఉన్నంతసేపూ ఇవతలి మాట అందరికీ వెళుతుంది, అవతలి మాట రాదు; కూజా లేచినప్పుడు వచ్చిన మాట పాటలో మునిగిపోయింది. జుంబెర్ ముఖం పాలిపోయింది. గురగుర మొదలైంది. దానిలోంచి, నెమ్మదిగా, విసుగూ కోపమూ లేకుండా, బస్టాండులో ఆలస్యమైన బస్సు గురించి అడిగే మనిషి గొంతు వచ్చింది.

"ఉషాంగీ అన్నా... అయిపోయిందా?"

జుంబెర్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"అయిపోతే ఎవరైనా రండి. బంకర్ వెనక కాలవలో ఉన్నా. కాలు కట్టేసుకున్నా పొద్దున్నే. చలేస్తోంది."

చరిత్రలో మహావక్తలకు మధ్యలో అడ్డుతగిలినవాళ్లు చాలామంది ఉన్నారు: మేకలు, వర్షాలు, విప్లవాలు. చరమశ్లోకంలోని కథానాయకుడే అది ముగిసిందో లేదో కనుక్కున్న ఘట్టం బహుశా ఇదొక్కటే. ఉషాంగీ గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు. అందరూ స్ట్రెచర్ కోసం, హెల్మెట్ల కోసం పరుగులు తీశారు. ఒక్కరూ ఆయన్ను తిట్టలేదు. ఆయన్ను దాటుకుంటూ వెళ్లారు, గదిలో అడ్డంగా ఉన్న బీరువాను దాటినట్టు.

మసక వెలుతురులో ముర్మన్‌ను తెచ్చారు. బంకర్ వెనక గోడ కాలవలోకి కూలడంతో అతను మట్టికింద పడకుండా బయట పడ్డాడు, స్పృహ తప్పాడు, తెలివొచ్చి తొడకు రక్తం ఆపే పట్టీ బిగించుకున్నాడు, మళ్లీ స్పృహ తప్పాడు, మధ్యాహ్నం దాటాక లేచి, సెట్టు తీసి, విన్నాడు. స్ట్రెచర్ ముందు కొసను ఉషాంగీ పట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోమనలేదు, వద్దనలేదు. దారిపొడవునా ముర్మన్ ఒక్క మాటే అన్నాడు, అది అందరితోనూ అన్నాడు: "మెల్లగా."

ద్నిప్రో ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు. పట్టీ చాలాసేపు ఉండిపోయిందన్నారు. విందు తినేసిన ఆ కాలం మిగిలి ఉంటే కాలు దక్కేదా అన్నది ఏ వైద్యుడూ చెప్పలేదు. ఉషాంగీ అడగనూ లేదు.

బెజాన్ మర్నాడు తిరిగొచ్చి అంతా విన్నాడు. ఉషాంగీని పెరట్లోకి పిలిచాడు.

"చచ్చాడని ఎవరు చూశారు?"

"బెజాన్, ఆ పొగలో, ఆ ధూళిలో, మనిషి కన్ను..."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు."

"సరే."

"సరే ఏంటి? శిక్ష వెయ్యి. ఇంటికి పంపు. ఏదో ఒకటి చెయ్యి."

"ఇది స్వచ్ఛంద దళం ఉషాంగీ. నిన్ను రమ్మన్నవాడు లేడు, పొమ్మనేవాడూ లేడు. ఇవాళ కట్టెలు కొట్టేది నీ వంతు."

ఏదైనా మామూలు సైన్యంలో అయితే విచారణ జరిగేది, నేరం పేరు పెట్టి చదివేవాళ్లు, శిక్ష ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పేవాళ్లు. సిగ్గుకు అలాంటి సౌకర్యాలు లేవు. ఉషాంగీ కట్టెలు కొట్టాడు. ఆ రాత్రి భోజనానికి వైన్ తీశారు కానీ ఎవరూ తమదాను పిలవలేదు. ఆయన స్థానంలో ఇంకొకరినీ కూర్చోబెట్టలేదు. మా చరిత్రలో మంగోలులు కూడా చేయలేని పని ఆ వంటగదిలో జరిగింది: జార్జియన్లు దప్పికైనవాళ్లలా మాట లేకుండా తాగారు. జుంబెర్ ఆయనకు రొట్టె అందించాడు. "అన్నా" అనకుండా అందించాడు.

పది రోజులకు ఉషాంగీ ఆసుపత్రికి వెళ్లాడు. వ్యానులో కూర్చుని దారంతా ప్రసంగం కట్టాడు. మొదటి వాక్యం మరీ గొప్పగా ఉందని తీసేశాడు. రెండోది మరీ వినయంగా ఉంది. వినయంలో కూడా చప్పట్ల కోసం ఎదురుచూపు వినిపించింది. మూడోది కట్టేలోపు ఆసుపత్రి వచ్చేసింది.

ముర్మన్ దిండ్లకు ఆనుకుని నారింజ వొలుస్తున్నాడు.

"వచ్చావా అన్నా? కూర్చో. ఆ కుర్చీ చూసుకో, దానికీ ఒక కాలు లేదు. ఈ వార్డులో అన్నీ అంతే, మంచాలు తప్ప."

ఉషాంగీ కుర్చీ అంచున కూర్చున్నాడు. "ముర్మన్, మనిషి బతుకులో కొన్ని ఘడియలు..."

"మొదలుపెట్టకు. ఒకసారి విన్నా కదా."

"అంతా విన్నావా?"

ఆ ప్రశ్న అడగడానికే ఆయన అంతదూరం వచ్చాడు. బ్యాటరీ అయిపోయిందనో, మధ్యలో స్పృహ పోయిందనో, కనీసం ఆ ఒక్క వాక్యం దగ్గర గాలి హోరెత్తిందనో ముర్మన్ అంటాడేమోనని ఆ పది రోజులూ ఆశపడ్డాడు.

"అంతా విన్నా. మంచి బ్యాటరీ, పొద్దున్నే మార్చా. నిజం చెప్పనా? నా గురించి అంత మంచిగా ఎవరూ మాట్లాడలేదన్నా. నా పెళ్లిలో కూడా. అమ్మ గురించి చెప్పావు చూడు, ఏడుపొచ్చేసింది. పాపం ఎవడో మంచోడే పోయాడనుకున్నా." అతను ఒక తొన నోట్లో వేసుకున్నాడు. "ఆ తర్వాత వాడి కళ్లు నేనే మూశానన్నావు. అప్పుడు చెయ్యి పెట్టి చూసుకున్నా. ఏమో, మూసుకుపోయే ఉన్నాయేమో అని. నువ్వంత గట్టిగా చెబుతుంటే ఎవడికైనా అనుమానం వస్తుంది కదా."

అతను ఎత్తిపొడవడంలేదు. జరిగింది చెబుతున్నాడు. ఎత్తిపొడిచి ఉంటే ఉషాంగీ ఏదో ఒకటి జవాబివ్వగలిగేవాడు. ఆ విద్యలో ఆయన్ను మించినవాడు లేడు.

మంచం మీద ఫోను మోగింది. ముర్మన్ చూసి ఆయన చేతికిచ్చాడు.

"అమ్మ. నీతో మాట్లాడాలని రోజూ గొడవ."

"నాతోనా? ఎందుకు?"

"నువ్వే తవ్వి తీశావని చెప్పా."

"ముర్మన్!"

"ఎవరు తీశారురా అని అడిగింది. నోటికొచ్చిన పేరు చెప్పేశా. ఆ రోజంతా నీ గొంతే విన్నాను మరి. నిజం చెబితే నిన్ను చంపడానికి బస్సెక్కి వచ్చేస్తుంది. ఉన్న శత్రువులు చాలరా మనకి? మాట్లాడు."

ఫోనులోంచి త్సియాలా గొంతు ఆగకుండా వచ్చింది. "ఉషాంగీ నాయనా, నీ తల్లి కడుపు చల్లగా ఉండ! నీ కష్టాలు నాకు రానీ! ఏ చేతులు తవ్వాయో ఆ చేతులకు ముద్దు పెట్టుకోవాలిరా నేను. వాడికి కాలు లేకపోతేనేం, నాకు కొడుకున్నాడు. వాడు ఇంటికొచ్చాక మా బల్ల దగ్గర పెద్దవి నువ్వే. ఇంకొకణ్ణి కూర్చోనివ్వను, వింటున్నావా?"

ఉషాంగీ నోరు తెరిచాడు. మాటలన్నీ, ఏళ్లతరబడి ఆయన ఆజ్ఞలో పెరిగిన మాటలన్నీ, బారులు తీరి సిద్ధంగా నిలబడ్డాయి. 'తల్లీ, నీ కొడుకు నాకు తమ్ముడు' అని మొదలుపెడితే చాలు, మిగతావి వాటంతట అవే కవాతు చేస్తాయి. ఆమె ఏడుస్తుంది. అందరికీ సుఖంగా ఉంటుంది. ముర్మన్ ఆయనవైపు చూడటంలేదు. నారింజ తొనమీది పీచు తీస్తున్నాడు, చాలా శ్రద్ధగా.

"అమ్మా, నేను తవ్వలేదు. తవ్వానని అబద్ధం చెప్పాను. వాణ్ణి వదిలేసి పరుగెత్తాను."

ఆయన జీవితంలో చేసిన అతి పొట్టి ప్రసంగం అదే. చప్పట్లు రాలేదు. ఫోనులో ఎక్కడో ఒక కోడి మాత్రం అరిచింది.

"ఫోను నా కొడుక్కియ్యి," అంది త్సియాలా.

ముర్మన్ తీసుకున్నాడు. "ఆఁ అమ్మా... ఆఁ... నిజమే... లేదమ్మా, మనవాడే... అమ్మా, వద్దు. తుర్కీ మీదుగా, ఆ దేశాలన్నీ దాటి, నీ మోకాళ్లతో... అమ్మా!" ఫోను దించి మంచం మీద పెట్టాడు. "పెట్టేసింది. బయల్దేరుతోందట."

"నిన్ను చూడటానికా?"

"నన్నూ. నిన్నూ." ముర్మన్ మొదటిసారి కోపంగా చూశాడు. "ఎందుకు చెప్పావన్నా? ఎంత చక్కగా సర్దాను! జీవితంలో ఒక్కసారి నేను కథ చెబితే దాన్ని కూడా నువ్వే పాడుచెయ్యాలా?"

ఉషాంగీ మంచం మీద పడ్డ నారింజ తొక్కలు ఏరాడు.

"సరే, అయిందేదో అయింది. బస్టాండుకి నువ్వే వెళ్లాలి. నేనెలా వెళ్లను?"

త్సియాలా వచ్చే రోజున జుంబెర్, "నేనూ రానా అన్నా?" అన్నాడు. ఆ "అన్నా" విని ఉషాంగీ కళ్లు తిప్పుకున్నాడు. వద్దన్నాడు. బస్టాండులో ఉదయంనుంచీ నిలబడ్డాడు. ఒక్క వాక్యం కూడా కట్టుకుని రాలేదు. దేశాలు దాటి వచ్చిన బస్సులోంచి అందరూ దిగాక, చివర, నల్లబట్టల్లో ఒక చిన్న మనిషి, తనకంటే పెద్దదైన గళ్ల సంచీని మెట్టుమెట్టుకీ దించుకుంటూ దిగింది. ఎవరినీ అడగకుండా నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది.

"ఉషాంగీ నువ్వేనా?"

"నేనే."

ఆమె ఆయన్ను బూట్లనుంచి గడ్డందాకా, మళ్లీ గడ్డంనుంచి బూట్లదాకా చూసింది. కొడతుందేమోనని ఆయన అనుకున్నాడు. కొట్టాలనే కోరుకున్నాడు.

"ఇంత లావున్నావు," అంది త్సియాలా. "పరుగెత్తగలిగావంటే గొప్పే."

బస్సు పక్కన సామాన్లు దించుకుంటున్నవాళ్లు ఇద్దరు తల తిప్పి చూశారు. ఆయనకు చెవుల దాకా వేడెక్కింది.

"పట్టుకో. చీజ్ ఉంది. కింద పెట్టకు, మురికవుతుంది."

ఆయన పట్టుకున్నాడు. ఆమె ముందు నడిచింది, ఆయన వెనక. దారి తెలిసినవాడు ఆయనే కాబట్టి ప్రతి మలుపులోనూ ఆమె ఆగి, వెనక్కి చూడకుండా, ఎటో చెప్పేదాకా నిలబడేది. "కుడివైపమ్మా," అనేవాడు. "ఎడమవైపు." అంతకుమించి మాట జరగలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్విక్కడే ఉండు."

వానతుంపర మొదలైంది. సంచీ బరువుకు వేళ్లు మొద్దుబారాయి. పక్కన బల్ల ఉన్నా దాని మీద పెట్టలేదు. రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్లేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు ఆయన్ను చూసి, ఎవరినో పోగొట్టుకున్నాడనుకుని దారి ఇచ్చారు. ఒక వృద్ధుడైతే టోపీ కూడా తీశాడు.

చాలాసేపటికి ఒక నర్సు తలుపు తీసి తొంగిచూసింది.

"జార్జియా పెద్దావిడ అడుగుతున్నారు, చీజ్ తెమ్మని."

"నన్ను రమ్మన్నారా?"

"ఏమోనండీ. చీజ్ అన్నారు."

ఉషాంగీ బూట్ల బురద మెట్టుకు రాసి తుడుచుకుని, సంచీతో లోపలికి వెళ్లాడు.